మంగళవారం ముద్ర

కుడి కంట్లో రెండు చుక్కలు పడ్డాయి. ఎడమ కంటి కోసం మిసెస్ హారిల్ తల ఇంకొంచెం వెనక్కి వాల్చి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆ కంట్లో మందు మండుతుంది. రోజూ మండుతుంది, రోజూ ఆమె ఏమీ అనదు. నేను రెప్ప ఎత్తి మందు వదిలి, దూదితో తుడిచి, "అయిపోయింది" అన్నాను.

బల్లకి అవతల మిస్టర్ హారిల్ ఆపిల్ పండు చెక్కు తీస్తున్నాడు. మొదలుపెట్టిన చోటు నుంచి చివరిదాకా చెక్కు తెగకుండా ఒకే తాడులా దిగాలి. తెగితే ఆ పండు తను తిని ఇంకొకటి మొదలుపెడతాడు. తెగని పండు ఆమెకి. యాభై నాలుగేళ్ళ కాపురంలో ఒక్కరోజు కూడా ఇది మానలేదని ఆమె నాకు చాలాసార్లు చెప్పింది.

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో, వాళ్ళింటి మేడమీది రెండు గదుల్లో మేము అద్దెకుంటున్నాం. అది 1984 నవంబరు. మావారు ఆనందబాబు రిసెర్చ్ ట్రయాంగిల్‌లో ఒక మందుల కంపెనీ లాబ్‌లో పనిచేస్తారు. నా వీసా మీద నేను ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు. కాబట్టి పగలు కిందికి దిగి ఆమె కళ్ళలో చుక్కలు వేసి, వచ్చిన ఉత్తరాలూ పేపరూ చదివి పెట్టేదాన్ని. ఆమెకి వెలుగూ, మనిషి ఆకారమూ తెలిసేవి గానీ అక్షరాలు కనిపించేవి కావు. నాది నిజాంపట్నం దగ్గర పల్లెలో బడి ఇంగ్లీషు. ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట వదలకుండా చదవడమే నాకు తెలుసు. అదే తనకి కావాలంది ఆమె.

ఆ సోమవారం ఒక అట్టపెట్టె వచ్చింది. స్టోక్స్ అనే పాత పత్రికా సంపాదకుడి మనవరాలు పంపింది. ఆయన ఎప్పుడో పోయాడు. ఇల్లు ఖాళీ చేస్తూ, అటకమీద దొరికిన ఫుట్‌బాల్ కాగితాలు ఎవరికి పనికొస్తాయని వాకబు చేస్తే అందరూ మిస్టర్ హారిల్ పేరే చెప్పారట.

"ఇందులో ఏముందో తెలుసా, డేవీ?" అన్నాడు ఆయన పెట్టె మూత మీద అరచెయ్యి పెట్టి. దేవకుమారి అనడం ఆయనకి నోరు తిరగదు. "నా జీవితం ఉంది."

పెద్దగా నవ్వి, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆయన కాలేజీలో ఫుట్‌బాల్, ఒకరినొకరు భుజాలతో తోసుకునే ఇక్కడి రకం, ఆడే రోజుల్లో పీడ్‌మాంట్ కాన్ఫరెన్స్ అని ఎనిమిది కాలేజీల పోటీ ఉండేది. సీజన్ అయ్యాక ఆ ఎనిమిది జట్లలోంచి ఒక్కో స్థానానికి ఒక్కో ఉత్తముణ్ణి ఏరి పదకొండు మందితో ఆల్-కాన్ఫరెన్స్ జట్టు అని పత్రికలో వేసేవారు. ఆ పదకొండు మందీ కలిసి ఒక్క ఆట కూడా ఆడరు. పేర్లు పేపర్లో పడటమే ఆ జట్టు. ఎంపిక స్టోక్స్ చేసేవాడు. ఎనిమిది జట్ల కెప్టెన్లూ ఆయనకి ఉత్తరం రాయాలి. చివరి ఆట అయ్యాకే ఆయన అవన్నీ ఒకేసారి విప్పేవాడు. తన కాలేజీ వాళ్ళకి ఎవరూ ఓటు వేయకూడదు, ఎదుటివాళ్ళలోంచే ఎంచాలి. "తన్నులు తిన్నవాడికే తెలుస్తుంది ఎవడు బాగా తన్నాడో" అన్నాడు మిస్టర్ హారిల్. 1926లో లెఫ్ట్ టాకిల్ స్థానానికి, అంటే ముందు వరసలో ఎడమవైపు నిలబడి తోసేవాడి స్థానానికి, ఎంపికైనవాడు ఆయనే. తన జట్టుకి కెప్టెనూ ఆయనే. ఆ పేపరు ముక్క అద్దం బిగించి హాల్లో వేలాడదీసి ఉంది.

"మామూలుగా అయితే ఈవిడ తమ్ముడికి రావాలి" అన్నాడు గొంతు తగ్గించి.

"అన్న" అంది మిసెస్ హారిల్. "మూడేళ్ళు పెద్దవాడు."

ఆ అన్న పేరు టామ్ ప్రెస్లర్. వేరే కాలేజీ, అదే స్థానం. సీజన్ చివరి ఆట థాంక్స్‌గివింగ్ పండగ గురువారం నాడు ఈ రెండు కాలేజీల మధ్యే. ఇద్దరిలో ఎవరా అని తేల్చుకోవడానికి స్టోక్స్ స్వయంగా వచ్చి కూర్చున్నాడు. ఆట మొదలైన పావుగంటలో టామ్ మోకాలు విరిగింది. పుండు పడి, కుళ్ళి, జనవరిలో కాలు తీసేశారు. ఏడాదిన్నర తర్వాత మనిషే పోయాడు.

"ఆటలో ఉన్న ఇరవై రెండు మందిలో మా ఇంటికి వచ్చినవాడు క్లైడ్ ఒక్కడే" అని ఆమె భర్త గురించి నాకు ఎప్పుడో చెప్పింది. "ఆ ఆదివారమే వచ్చాడు, బుట్టనిండా ఆపిల్స్ పట్టుకుని. గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. టామ్ పక్కన కూర్చుని చెక్కు తీసి పెట్టేవాడు."

వచ్చే శనివారం మిస్టర్ హారిల్ కాలేజీలో పాత ఆటగాళ్ళ గది తెరుస్తున్నారు. ఒక గాజు బీరువాలో ఆయన జెర్సీ, పక్కనే టామ్ బూట్లు పెడతారు. బూట్లు ఇవ్వడానికి ఆమె నెల రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఒకటి బాగానే ఉంది. రెండోదాన్ని ఆరోజు డాక్టరు కత్తితో పైనుంచి కిందికి చీల్చి కాలి నుంచి ఊడదీశాడు.

"శనివారానికల్లా ఈ కాగితాలు సర్దిపెట్టు, డేవీ" అన్నాడు మిస్టర్ హారిల్. "నేను రాసిన ఉత్తరం ఇందులో ఉండాలి. టామ్ గురించి రాశాను. దాన్ని అక్కడ చదువుతాను. ఒక్కడికి కూడా కన్నీళ్ళు ఆగవు, చూడు."

ఆయన తోటలోకి వెళ్ళాక మిసెస్ హారిల్ నా మణికట్టు పట్టుకుంది.

"నాకొక్కటి చెప్పు. టామ్‌కి ఎవరైనా ఓటు వేశారా? ఎవరూ వేయలేదంటాడు క్లైడ్. నన్ను బాధపెట్టకూడదని అంటున్నాడో, నిజమో. శనివారం ఆ బీరువా ముందు నిలబడేలోపు నాకు తెలియాలి."

మంగళవారమంతా హాల్లో నేల మీద కూర్చుని కాగితాలు విడదీశాను. ఉత్తరాన్ని కవరు నుంచి ఎప్పుడూ వేరు చేయకూడదని నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా నాన్న ఊరి బడిలో మాస్టారు. బ్రాంచి పోస్టాఫీసు కూడా ఆయనే చూసేవాడు, మా వరండాలో ఒక బల్ల మీద. ముద్రలో తేదీ అచ్చులు రోజూ పొద్దున మార్చడం నా పని. ఒకసారి మార్చడం మరిచిపోతే ఊరి మునసబు కోర్టు కాగితం ఒకరోజు ముందు తేదీతో వెళ్ళిపోయి పెద్ద రభస అయింది. అప్పట్నుంచి ఏ ఉత్తరం చేతికొచ్చినా నా కన్ను ముందు ముద్ర మీదే పడుతుంది.

కెప్టెన్ల ఉత్తరాలు ఎనిమిదీ దొరికాయి. ఒక్కొక్కటే మిసెస్ హారిల్‌కి చదివాను. నలుగురు టామ్ ప్రెస్లర్ అని రాశారు. "వాడి ఎదురుగా నిలబడితే గోడకి ఎదురుగా నిలబడినట్టే" అని ఒకడు రాశాడు. ఆ వాక్యం మూడుసార్లు చదివించుకుంది. ముగ్గురు క్లైడ్ హారిల్ అని రాశారు. ఆమె ముఖం ఎంత వెలిగిందంటే, ఇక చదవడం ఆపేద్దామా అనిపించింది.

ఎనిమిదోది మిస్టర్ హారిల్ రాసింది. అందంగా, నిలువు గీతలతో ఉంది దస్తూరీ.

"లెఫ్ట్ టాకిల్‌కి ప్రెస్లర్ పేరే రాద్దామనుకున్నాను. కానీ గురువారం ఆటలో మొదటి పావుగంటలోనే మోకాలు పోయి బయటికి వెళ్ళాడు. ఆట పూర్తి చేయలేనివాణ్ణి ఎంచడం న్యాయం కాదు. ఇది రాయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. అయినా రాయక తప్పదు."

అడుగున స్టోక్స్ పెన్సిలుతో రాసుకున్నాడు: "నిజాయితీ గల కుర్రాడు. పోటీదారే ఇలా అన్నాక ఇక సందేహం లేదు. హారిల్."

"పాపం క్లైడ్" అంది మిసెస్ హారిల్ కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత కష్టపడి రాశాడో." లేచి వంటింట్లోకి వెళ్ళింది.

నేను ఉత్తరం మడిచి కవర్లో పెట్టబోతూ ముద్ర చూశాను. నవంబరు 23, సాయంత్రం 4.

ఆట జరిగింది 25న. గోడ మీది పేపరు ముక్కలోనే ఉంది ఆ తేదీ.

అచ్చు మార్చడం మరిచిపోయి ఉంటారని ముందు అనుకున్నాను. మా ఇంట్లోనే అలా జరిగింది కదా. కానీ ఆ కవరు స్పెషల్ డెలివరీ. అలాంటివాటికి చేరిన ఊళ్ళో కూడా వెనకవైపు ముద్ర వేస్తారు. తిప్పాను. నవంబరు 24, ఉదయం 8. రెండు ఊళ్ళలో ఇద్దరు మనుషులు ఒకే వారంలో మరిచిపోరు. పైగా ఒకదాని వెనక ఒకటి సరిగ్గా ఒక్క రాత్రి తేడాతో.

అంటే గురువారం విరిగిన మోకాలి గురించి ఆ ఉత్తరం మంగళవారమే బయల్దేరింది. ఏ పావుగంటలో విరుగుతుందో కూడా రాసుకుని.

కిటికీలోంచి చూశాను. తోటలో మిస్టర్ హారిల్ రాలిన ఆకులు కుప్పగా ఊడుస్తున్నాడు. కుప్ప అంచులు గుండ్రంగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ సర్దుతున్నాడు.

ఉత్తరాన్ని మిగతావాటితో పెట్టాను. కవరు నా స్వెటర్ జేబులో పెట్టుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఆయన లోపలికి వచ్చాడు. నేను ఉత్తరాలు తేదీల వరసలో పెడుతున్నాను. తన ఉత్తరం తీసుకుని పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. సంతోషంగా తలాడించాడు. తర్వాత దాన్ని తిరగేసి చూశాడు.

"దీని కవరు ఏది?"

నేను తర్వాతి ఉత్తరం వరసలో పెట్టాను.

"డికీ పోస్టు చేశాడు దీన్ని" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. "మా జట్టు మేనేజరు. ఎంత చెప్పినా తొందరే వాడికి. శుక్రవారం వెయ్యరా అని బల్ల మీద పెట్టి..." ఆగిపోయాడు. చాలాసేపు కాగితం వైపే చూశాడు. తల ఎత్తేసరికి ఆయన ముఖం నవ్వుతూనే ఉంది గానీ కళ్ళు లెక్క వేసుకుంటున్నాయి.

"మీ నాన్న పోస్ట్‌మాస్టర్ కదూ? ఆడీ చెప్పింది" అన్నాడు. భార్యని ఆయన పిలిచే పేరు అది.

"అవును, సర్."

"అయితే ముద్రలు చూస్తావు."

"అలవాటు, సర్."

"మంచి అలవాటు." వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి నా ముందు వేశాడు. "ఆటలో మోకాలు ఎలా పోతుందో నీకు తెలీదు కదా. చూపిస్తా. మనిషి ముందుకు తోస్తున్నప్పుడు ఒక కాలు నేలకి పాతుకుని ఉంటుంది. బరువంతా దాని మీదే. అప్పుడు ఎదురుగా కాదు, పక్క నుంచి, ఇంత కిందుగా రావాలి." వంగి భుజాన్ని కుర్చీ కాలికి ఆనించాడు. ఎనభై దగ్గర పడుతున్న మనిషి. ఆ వంగడంలో వయసేమీ కనిపించలేదు. కుర్చీ కిర్రుమంది. "ఇలా తగిలితే ఎవడిదైనా అంతే. ఎవరి తప్పూ ఉండదు."

లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఆ కవర్లన్నీ ఇటివ్వు. గాజు బీరువాలోకి ఉత్తరాలు చాలు. ఆకులతో పాటు తగలబెడతా."

ఒడినిండా తీసుకుని ఇచ్చాను. వాటిని వేళ్ళతో తిరగేశాడు.

"ఎనిమిది కాలేజీలు. ఏడు కవర్లే ఉన్నాయే."

"పెట్టెలో ఇంకేం లేవు, సర్."

అది అబద్ధం కాదు. ఆయన నా స్వెటర్ వైపు చూశాడు, తర్వాత మేడమెట్ల వైపు చూశాడు.

"ఆ మెట్లు పాతవి, డేవీ. నువ్వు గబగబా దిగుతుంటావు. పొద్దున పూట జాగ్రత్త."

తోటలో పొగ లేచింది. వంటింట్లోంచి మిసెస్ హారిల్ "ఇది ఆకుల వాసన కాదే, కాగితం కాలుతోంది" అంది. ఆమెకి ముక్కు కళ్ళకంటే బాగా పనిచేసేది.

ఆ సాయంత్రం మావారు నేను కవరు దాచిన తెలుగు బైబిలు తీసి, కవరు చూసి, అంతా విని మంచం మీద కూలబడ్డారు.

"ఏమే, నీ పోస్టాఫీసు బుద్ధి నిజాంపట్నంలో వదిలేసి రాలేకపోయావా?"

"నా కంట పడిందండీ. నేనేం వెతకలేదు."

"పడితే కళ్ళు మూసుకో. యాభై ఎనిమిదేళ్ళ కిందటి మోకాలు. మనకెందుకు? లీజు జూన్ దాకా ఉంది. ఆఫీస్‌కి పది నిమిషాల డ్రైవ్. మళ్ళీ ఇంత మంచి ఇల్లు నీ డిటెక్టివ్ ఆఫీస్ వాళ్ళు వెతికి పెడతారా?"

"కాలు పోయింది కదండీ. తర్వాత మనిషే పోయాడు."

"ఇప్పుడు చెబితే ఏమవుతుంది? ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. కళ్ళు కూడా లేవు. ఎక్కడికి పోతుంది?"

"కళ్ళు లేవనే కదా నన్ను చదవమంది."

కింద హాల్లో నేల పలకలు చప్పుడయ్యాయి. ఎవరో మెట్ల మొదట్లో నిలబడి ఉన్నట్టు. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. తర్వాత ఆ అడుగులు మెల్లగా వెనక్కి వెళ్ళాయి.

"వినిపించిందా?" అన్నారు మావారు గుసగుసగా. వేళాకోళం ఇంకా గొంతులోనే ఉంది గానీ చేత్తో తలుపు గడియ పెట్టారు. "నువ్వు చెప్పదలుచుకుంటే ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పకు. శనివారం నేనూ కార్ దగ్గరే ఉంటా."

శుక్రవారం చుక్కలు వేశాను, పేపరు చదివాను. మిస్టర్ హారిల్ రోజంతా మా ఇద్దర్నీ వదిలి కదల్లేదు. మందు వేస్తున్నప్పుడు బల్లకి అవతలే కూర్చుని ఆపిల్ తీస్తూ నా చేతినే చూశాడు. ఆ పూట చెక్కు రెండుసార్లు తెగింది.

శనివారం ఉదయం ఎనిమిదికి కిందికి దిగాను. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని దిగాను. బయట మావారు కారు అద్దం మీది మంచు గీకుతున్నారు. వాళ్ళిద్దర్నీ కాలేజీకి తీసుకెళ్ళేది ఆయనే. లోపలి గదిలో మిస్టర్ హారిల్ కాలరు గుండీతో తంటాలు పడుతున్న చప్పుడు. వంటింట్లో మిసెస్ హారిల్ నీలం గౌను వేసుకుని కూర్చుని ఉంది. బల్ల మీద పాత పేపరు పరిచి టామ్ బూట్లు పెట్టుకుంది. రెండింటికీ పాలిష్ వేసింది. చీల్చిన దానికి కూడా.

తల వెనక్కి వాల్చింది. నేను చుక్క వదిలాను. అది చెంప మీద పడింది.

"మూడు రోజులుగా నీ చుక్కలు చెంప మీదే పడుతున్నాయి" అంది ఆమె కళ్ళు తెరవకుండానే. "మంగళవారం దాకా ఒక్క చుక్క కూడా బయట పడలేదు. నువ్వు ఏదో చదివావు, నాకు చెప్పలేదు. అవునా?"

"అవును."

"టామ్ గురించా?"

"అవును, మిసెస్ హారిల్."

"నేను నిన్ను తెచ్చుకున్నది ఉన్నది ఉన్నట్టు చదువుతావని. చదువు."

లోపల గుండీ చప్పుడు ఆగింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడు. నేను పొద్దున బైబిల్లోంచి తీసి జేబులో పెట్టుకున్న కవరు బయటికి తీసి, వాళ్ళ భాషలో, మా బడిలో నేర్పినట్టు, ఒక్కో మాటా విడివిడిగా చదివాను.

"స్పెషల్ డెలివరీ. మిస్టర్ స్టోక్స్, స్పోర్ట్స్ ఎడిటర్ గారికి. పంపినవారు, సి. హారిల్, కెప్టెన్. ముద్ర, నవంబరు 23, 1926, సాయంత్రం 4."

"ఇంకోసారి. తేదీ."

"నవంబరు 23. వెనకవైపు, చేరిన ఊరి ముద్ర, నవంబరు 24, ఉదయం 8."

"లోపలున్న ఉత్తరం?"

"ఆయన మీ అన్న గురించి రాసింది. మోకాలు గురించి. మొన్న మీకు చదివాను కదా, అదే."

ఆమె చెయ్యి చాపింది. కవరు అందులో పెట్టాను. బొటనవేలితో ముద్ర ఉన్నచోట మెల్లగా రాసింది. సిరా ఎప్పుడో కాగితంలో ఇంకిపోయింది, తగలడానికి ఏమీ ఉండదు. అయినా చాలాసేపు రాసింది.

"ఆట రోజు గురువారం" అంది. "అమ్మ పొద్దున్నే టర్కీ కోడిని పొయ్యిలో పెట్టింది. టామ్ వచ్చాక తిందామని ఎవరం ముట్టుకోలేదు." కవరు బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి వేసి, "ఆదివారం ఆపిల్స్ తెచ్చాడు" అంది.

లోపలి గది తలుపు తెరుచుకుంది.

మిస్టర్ హారిల్ వచ్చాడు. ముదురు ఎరుపు కోటు వేసుకున్నాడు, పై జేబులో మడిచిన ఉత్తరం అంచు కనిపిస్తోంది. "ఇంకా చుక్కలేనా? ఆలస్యమవుతుంది, ఆడీ" అంటూ ఎప్పటిలా కూర్చుని పండు తీసుకున్నాడు. కత్తి ఆనించాడు. చెక్కు సన్నగా, తెగకుండా దిగడం మొదలైంది. పండు సగం తిరిగాక ఆయన చూపు ఆమె అరచేతి కిందికి వెళ్ళింది.

కత్తి ఆగింది. చెక్కు సగందాకా వేలాడుతోంది.

"ఆడీ, అది పాత చెత్త" అన్నాడు. "ఆ డికీ..."

ఆమె లేచింది. బల్ల మీద తడిమి బూట్ల లేసులు దొరికించుకుని, రెండింటినీ కలిపి ముడి వేసి ముంజేతికి తగిలించుకుంది. ఆయన ముందునుంచే గోడ పట్టుకుని నడిచింది. హాల్లో అద్దం బిగించిన పేపరు ముక్క దగ్గర ఆమె వేళ్ళు ఒక్క క్షణం దాని చట్రాన్ని తాకి, గోడ మీదే ముందుకు సాగాయి.

"ఆడీ! కోటు వేసుకో. బయట మంచుంది."

ముందు తలుపు తెరుచుకుంది. చల్లగాలి వంటింటిదాకా వచ్చి బల్ల మీది పాత పేపర్ని లేపింది. గుమ్మం ముందు మెట్లు ఏడు. ఒక్కో మెట్టుకీ బూట్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపించింది. ఏడోది దిగాక చప్పుడు రాలేదు; కారు దగ్గర మావారి గొంతు వినిపించింది.

మిస్టర్ హారిల్ కత్తి బల్ల మీద పెట్టలేదు. ఆయన తలుపు వైపు చూడటం లేదు. నా వైపు చూస్తున్నాడు.